సున్నపు చుక్కల కుప్ప

ఆ మెరక బయలు మీదికి ఎక్కివచ్చిన ప్రతి మనిషికీ ఒక రాయి కావాలి. ఎందుకని అడిగితే ఒక్కరూ చెప్పలేరు. బస్సు దిగి గంటసేపు ఎక్కి, ఈదురుగాలికి చెవులు మొద్దుబారి, బురదలో బూట్లు దిగబడి, ఎట్టకేలకు ఆ రాళ్ళకుప్ప దగ్గరికి చేరగానే అందరూ చేసే పని ఒకటే. వంగి ఒక రాయి తీస్తారు, కుప్ప మీద పెడతారు, ఫోటో తీసుకుంటారు, దిగిపోతారు. మూడు వేల ఏళ్ళ కింద ఎవరో తమవాళ్ళలో ఒకరిని అక్కడ పూడ్చి, పైన పేర్చిన రాళ్ళవి. ఆ పని అప్పుడే పూర్తయింది, పేర్చినవాళ్ళూ పోయారు. వీళ్ళు మాత్రం ఇంకా ఏదో బాకీ పని మిగిలిపోయినట్టు తలా ఒక రాయి వేసి పోతారు.

ఇదంతా చూస్తూ పళ్ళు నూరుకోవడమే ఉద్యోగంగా ఒకాయన ఉన్నాడు. ఆయన ఆ కుప్పకు కాపలాదారు. ఊళ్ళో అందరూ కుప్పాయన అంటారు. అసలు పేరు పురావస్తు ఆఫీసు కాగితాల్లో భద్రంగా ఉంది గానీ, కాగితాల బయట దాన్ని వాడినవాళ్ళు లేరు. కట్టుకున్న ఆవిడ కూడా కోపం వచ్చినప్పుడు "ఏమండీ కుప్పగారూ" అనే పిలుస్తుంది. ఆవిడకు కోపం తరచుగానే వస్తుంది.

అంతకుముందు ఆయన ఇరవై ఏళ్ళు క్వారీలో రాళ్ళు కొట్టాడు. సుత్తితో ఒక్క దెబ్బ వేసి, చప్పుడు విని, ఆ బండ ఎటు పగులుతుందో చెప్పేవాడు. తోటివాళ్ళు పందాలు కాసి ఓడిపోయేవారు. తర్వాత క్వారీ మూతపడింది. రాయిని పగలగొట్టడం తప్ప మరో విద్య రానివాడికి రాయిని కాపాడే ఉద్యోగం ఇచ్చారు. అప్పటికి ఆయనకు నలభై మూడు. ఇప్పుడు యాభై నాలుగు.

చేరిన రోజున పాత కాపలాదారు బయలు మీదికి వచ్చి రేకుల గది తాళం, ఒక ఈల అప్పజెప్పాడు. ఆ ముసలాయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆయన చేసిన నేరమల్లా ఇది: గాలివానకు కుప్ప మీంచి ఒక రాయి జారి కింద పడితే, పాపం ఊరుకోలేక, ఎత్తి మళ్ళీ దాని చోట్లో పెట్టాడు. అదే సమయానికి ఎవడో ఫోటో తీశాడు. ఆ ఫోటో ఆఫీసుకు చేరింది. వారం తిరక్కుండా కాగితం వచ్చింది.

"ఏం చేసినా చెయ్యి నాయనా, రాయి మాత్రం ముట్టుకోకు. నేను మంచికి పోతే చెడు ఎదురైంది," అన్నాడు వెళ్తూ వెళ్తూ.

నియామకపు ఉత్తర్వులో మూడో నిబంధన కూడా అదే చెప్పింది. కుప్పలోని ఏ రాయినీ, కాపలాదారుతో సహా, అనుమతి లేనిదే ఎవరూ తాకరాదు. కుప్పాయన ఆ వాక్యాన్ని కంఠతా పట్టాడు. పదకొండేళ్ళలో ఒక్కసారి తాకలేదు, కనీసం ఆనుకుని నిలబడలేదు. ఓసారి గాలికి ఆయన టోపీ ఎగిరి కుప్ప నడినెత్తిన పడింది. రెండు రోజులు అక్కడే ఉంది. మూడో రోజు గాలే మనసు మార్చుకుని కింద పడేసేదాకా ఆయన మఫ్లరు చుట్టుకుని తిరిగాడు.

కుప్ప అంటే మరీ చిన్నదేం కాదు. చుట్టూ నడిస్తే అరవై అడుగులు పడతాయి. అంచు వెంట హద్దుగా ఒక తాడు కట్టి ఉంది. నడిమధ్య నిలువెత్తు మనిషిని మించిన ఎత్తు. లోపల నాలుగు పలకరాళ్ళు నిలబెట్టి చేసిన పెట్టె ఉంది, దాని మీద ఒక మూతరాయి. తూర్పు పక్క రాళ్ళ సందులోంచి చూస్తే ఆ మూతరాయి అంచు కనిపిస్తుంది. ఇంతవరకూ దాన్ని ఎవరూ తెరవలేదు. తెరవకుండానే ఉంచాలని పెద్దలు నిర్ణయించారు. లోపల ఉన్నదెవరో కుప్పాయనకూ తెలియదు. కానీ పదకొండేళ్ళుగా ఆయన రోజులో ఎక్కువసేపు గడిపింది ఆ మనిషి దగ్గరే. పొద్దున వెళ్ళగానే "బాగున్నారా?" అని ఒకసారి పలకరించేవాడు. జవాబు రాకపోయినా ఆఫీసువాళ్ళ కంటే మర్యాదగానే ఉన్నట్టు అనిపించేది.

వచ్చిన చిక్కంతా పైన పడే రాళ్ళతోనే. కాపలా గది నుంచి కుప్ప రెండు వందల అడుగుల దూరం. ఆయన ఈల ఊదుకుంటూ పరిగెత్తేసరికి వాళ్ళ పని అయిపోతుంది. రాళ్ళు వేయకండని బోర్డు పెట్టించాడు. నెల తిరిగేసరికి ఆ బోర్డు కింద కూడా ఒక చిన్న కుప్ప లేచింది. ఏటి గుండ్రాళ్ళు, రోడ్డు కంకర, ఎవరి పెరట్లోదో ఒక ఇటుక, రంగు వేసి ప్రేమికుల పేర్లు రాసిన గులకరాళ్ళు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, ఒక్కొక్కరు వేసింది ఒక్కొక్కటే. క్వారీ మనిషి కాబట్టి కుప్పాయన కంటి అంచనా తప్పదు. పదకొండేళ్ళలో ఒక లారీ లోడు రాయి అదనంగా ఎక్కింది.

ఎప్పటికైనా ఇవన్నీ దించాలి కదా, దించేవాళ్ళకు ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలి కదా అని ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. పొడుగాటి కర్ర చివర కుంచె కట్టి, సున్నంలో ముంచి, దూరాన నిలబడి ప్రతి కొత్త రాయి మీదా ఒక చుక్క పెట్టేవాడు. ఏడాది వానలకు చుక్క వెలిసిపోతే మళ్ళీ పెట్టేవాడు. నెలకో రోజు ఆ పనికే పోయేది. మెడ పట్టేసేది, సున్నం కంట్లో పడేది. అయినా చెయ్యి తగలలేదు, అది ముఖ్యం.

ఆయన భార్య బస్టాండు పక్కన బట్టల దుకాణంలో పొడుగు ప్యాంట్లు పొట్టి చేసే పని చేస్తుంది. ఏ బట్ట అయినా, ఏ మాట అయినా, ఎక్కడ కత్తిరించాలో ఆవిడకు బాగా తెలుసు.

"కుంచె ఎవరిది? మీదే. కర్ర ఎవరిది? మీదే. కర్ర పట్టుకున్న చెయ్యి?"

"అది వేరు."

"అదెలా వేరండీ?"

ఆయన కుంచె కడిగి మూల పెట్టాడు. చుక్కలు పెట్టడం మాత్రం మానలేదు.

మొన్న వేసవి మొదట్లో ఆ తూర్పు సందులోంచి చూసినప్పుడు మూతరాయి అంచున ఒక గీత కనిపించింది. ఆ రోజు గడ్డిపోచ దూరేంత సన్నం. నెల రోజులకు పెన్సిలు దూరేంత అయింది. కింది వైపు నుంచి మొదలైన పగులు అది. పైబరువుకు రాయి అలాగే లొంగుతుంది, మొదట అడుగున నోరు తెరుస్తుంది, తర్వాత ఒక్క వాన చాలు. ఇరవై ఏళ్ళు తన చేతులతో అలా పగలగొట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. పైన ఉన్న లారీ లోడు వానల్లోపు దించకపోతే మూత నిలవదు.

బయలు దిగి ఆఫీసుకు వెళ్ళాడు. ఆఫీసు రెండో అంతస్తులో ఉంటుంది. మెట్ల మలుపులో విరిగిన కుర్చీలు, పైన తిరిగీ తిరగని ఫ్యాను, కిటికీ గట్టు మీద ఎండిన ఇంకు సీసాలు. మేజా బల్ల వెనక గుమాస్తా ఎప్పుడూ ఒకే భంగిమలో ఉంటాడు, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని.

"మళ్ళీ వచ్చారా? ఏంటి సంగతి?"

"మూతరాయి పగులుతోందండీ. పైన జనం వేసిన రాళ్ళు తీయకపోతే ఈ వానలకి ఆగదు."

"అర్జీ పెట్టారా?"

"ఇంతకుముందు పెట్టినవి తొమ్మిది ఉన్నాయి. ఇది పదోది."

గుమాస్తా కళ్ళద్దాలు కిందికి దించి కాగితం చూశాడు. "కుప్ప రాళ్ళు కదిలించుటకు అనుమతి, అని రాశారు."

"అవునండీ."

"అయితే ఇది నిపుణుల సంఘానికి వెళ్ళాలి. వాళ్ళు ఏడాదికి ఒకసారే కూర్చుంటారు."

"ఈ ఏడాది కూర్చున్నారా?"

"కూర్చున్నారు."

"మరి నా అర్జీ?"

"మీది వచ్చేసరికి లేచారు."

కుప్పాయనకు ఆ మేజాను ఎత్తి కిటికీలోంచి పారేయాలనిపించింది. పారేయలేదు. మేజా కూడా ఆఫీసుదే.

"అయ్యా, పగులు పెరుగుతోంది. కూలిపోయాక వాళ్ళు కూర్చున్నా ఒకటే, పడుకున్నా ఒకటే."

"నా మీద అరిచి లాభం ఏముంది చెప్పండి. నేను కాగితం తీసుకుంటాను, పైకి పంపుతాను. అంతకు మించి నా చేతిలో ఏముంది? మీరైనా తొందరపడి ఏమీ కదపకండి. పాతాయన సంగతి తెలుసుగా."

తెలుసు. తెలియకపోతే ఎంత బాగుండేదో అనుకుంటూ ఆయన మెట్లు దిగాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. చెవిటివాడైనా నయం, శంఖం ఊదడానికి అర్జీ పెట్టారా అని అడగడు.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాడు. ఆవిడ ఒక ప్యాంటు అంచు విప్పుతూ వింది. విని, సూదిని దారపు ఉండకు గుచ్చి పక్కన పెట్టింది.

"రేపు పొద్దున పోయి ఆ రాళ్ళు తీసి అవతల పడేయండి. ఆ గాలిలో ఎవడు చూడొచ్చాడు?"

"ముందాయన్ని చూసినవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడో?"

"ఆయన పాత రాయి ముట్టుకున్నాడు. మీరు తీసేది నిన్నా మొన్నా వేసినవి."

"కుప్ప మీద పడ్డాక అది కుప్పదేగా. ఉత్తర్వులో కుప్పలోని ఏ రాయినీ అని ఉంది. పాతదా కొత్తదా అని లేదు."

"ఆ ఉత్తర్వు రాసినవాడికి ఇంత ఆలోచన ఉండి ఉంటుందంటారా?"

"ఉద్యోగం పోతే?" అన్నాడాయన. యాభై నాలుగేళ్ళకు కొత్తగా ఎవరూ పిలిచి పని ఇవ్వరు. ఆవిడకు నల్ల బట్ట మీద నల్ల దారం ఇప్పటికే సరిగ్గా కనిపించడం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆవిడ మళ్ళీ సూది తీసుకుంది.

"అయితే తిండి మాని ఆ పగులే చూస్తూ కూర్చోండి," అంది. అంటూనే కంచం పెట్టింది.

నిజంగానే ఆయనకు తిండి సయించడం మానేసింది. పగటిపూట పగులు, ఇంటికొస్తే పగులు ధ్యాస. గది కిటికీ నుంచి కుప్ప మీదే చూపు. ఎవరైనా రాయి కోసం వంగితే చాలు, ఈల ఊదుకుంటూ బయటికి దూకేవాడు. ముసలివాళ్ళను బతిమాలాడు, పడుచువాళ్ళను కోప్పడ్డాడు, ఒక పెద్దమనిషితో అయితే తగువే పడ్డాడు. కొందరు రాయి జేబులో వేసుకుని, ఆయన వెనక్కి తిరగ్గానే తీసి వేశారు.

వానలు ఇంకో వారంలో పడతాయనగా, ఎనిమిది మంది ఒకే రంగు చొక్కాలు వేసుకుని వచ్చారు. ఏదో కంపెనీవాళ్ళు, కలిసికట్టుగా పనిచేయడం నేర్చుకోవడానికి ఆ బయలు ఎక్కారు. నేర్చుకున్నది ఎక్కడ చూపించాలా అని చూసి, పాత గొర్రెల దొడ్డి గోడ లోంచి ఒక పలకరాయి పెకిలించారు. బల్ల అంత వెడల్పు. నలుగురు మోస్తున్నారు, ఇద్దరు కేకలు వేస్తున్నారు, ఇద్దరు ఫోటోలు తీస్తున్నారు.

కుప్పాయన ఈల కూడా మరిచిపోయి పరిగెత్తాడు.

"దించండి సార్! దించండి! లోపల మూత పగిలి ఉంది!"

"ఒక్క రాయికి ఏమవుతుందండీ?"

"రెండు వేల మంది ఇదే మాట అన్నారు సార్!"

వాళ్ళు ఆగలేదు. ఆయన ఎదురెళ్ళి ఆ పలకను రెండు చేతులా పట్టుకుని వెనక్కి నెట్టాడు. గాల్లో ఉన్నంతవరకూ అది వాళ్ళ రాయి, ముట్టుకోవచ్చు. కుప్పను తాకిందా, ఇక ముట్టుకోకూడదు. ఆ లెక్క ఆయన మనసులో అంత స్పష్టంగా ఉంది. బూట్లు బురదలో జారుతున్నా శక్తికొద్దీ నెట్టాడు. వాళ్ళు నలుగురు, ఈయన ఒక్కడు. ఇదేదో ఆట అనుకుని వాళ్ళు ఇంకా హుషారుగా తోశారు. పలక అంచు కుప్ప మీద ఆనింది. ఆనిన క్షణాన కుప్పాయన, పొయ్యి మీద చెయ్యి పడ్డవాడిలా, రెండు చేతులూ వెనక్కి లాగేసుకున్నాడు. వాళ్ళు దాన్ని పైకి తోసేశారు, పలక బరువంతా కుప్ప నెత్తి మీద పడింది.

"అంత బాధగా ఉంటే మేం వెళ్ళాక తీసేయండి, మేమేం అనుకోం," అన్నాడొకడు ఆయాసపడుతూ.

"నేను ముట్టుకోకూడదండీ."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అదేంటి, మేం వెయ్యొచ్చు, కాపలా కాసే మీరు తియ్యకూడదా?" అని అందరూ నవ్వారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. వెళ్ళేటప్పుడు ఆయనకు ఒక బిస్కెట్ల పొట్లం కూడా ఇచ్చారు. అది ఇంకా మంట.

ఆ సాయంత్రం ఆయన కర్ర తెచ్చి ఆ పలక మీద ఒకటి కాదు, నాలుగు చుక్కలు పెట్టాడు. కోపం తీర్చుకోవడానికి ఆయన దగ్గర ఉన్నది సున్నమే.

వాన పట్టింది. మూడు రోజులు వదల్లేదు. పొగమంచులో గది నుంచి కుప్ప కనిపించలేదు. నాలుగో రోజు పొద్దున ఆయన దారి మలుపు తిరిగి చూసేసరికి కుప్ప ఆకారం మారిపోయి ఉంది. నడినెత్తిన ఎత్తుగా ఉండాల్సిన చోట గుంట పడింది. దగ్గరికి వెళ్ళి, తాడు ఇవతలే ఒక బండ ఎక్కి మునివేళ్ళ మీద లేచి చూశాడు.

మూతరాయి రెండు ముక్కలై లోపలికి దిగిపోయింది. మూడు వేల ఏళ్ళు ఎవరూ చూడని పెట్టె లోపల ఇప్పుడు పట్టపగలు వాన పడుతోంది. ఒక మూల నలుపెక్కిన ఎముకలు, చెయ్యి అనుకుంటే చెయ్యి. ఇంకో మూల ఒక చిన్న కుండ. రెండు దోసిళ్ళ నీళ్ళు పట్టేంత. దాని మూతి చుట్టూ ఎవరో పచ్చిమట్టి మీద గోటితో వరసగా నొక్కిన గుర్తులు. సన్నటి గోళ్ళు. తీరిగ్గా, వంకర పోకుండా, ఒకదాని పక్కన ఒకటి నొక్కారు. చుట్టూ పూర్తయిందో లేదో తెలియదు, కుండ అవతలి సగం లేదు. నాలుగు చుక్కల పలకరాయి మూల దాని మీదే దిగింది.

కుప్పాయనకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. రంగు చొక్కాల మీద వచ్చింది, గుమాస్తా మీద వచ్చింది, కూర్చుని లేచిన సంఘం మీద వచ్చింది, పాతాయన మీద, ఆ ఫోటో తీసినవాడి మీద వచ్చింది. అందరి మీదా తిరిగి తిరిగి చివరికి తన రెండు చేతుల మీదికి వచ్చి ఆగింది. పలక అంచు ఆనగానే వెనక్కి లాగేసుకున్న చేతులు. పట్టుకుని ఉంటే, కనీసం పక్కకు దొర్లించి ఉంటే.

ఫోను తీసి ఆఫీసుకు చేశాడు.

"కూలిపోయిందండీ," అన్నాడు.

ఫోను ఎత్తింది గుమాస్తాయే. పాపం ఆయనకూ బాధగానే ఉన్నట్టుంది. "అయ్యో. ఆఫీసు నిపుణురాలికి ఇప్పుడే కబురు చేస్తాను. ఎల్లుండి వస్తారు. అప్పటిదాకా ఏమీ ముట్టుకోకండి."

"లోపల వాన పడుతోందండీ. కుండ ఉంది. సరిగ్గా కాల్చింది కాదేమో, మెత్తబడిపోతోంది. ఎముకలున్నాయి."

"అర్థమైందండీ. కానీ ముట్టుకోకండి."

"ఎల్లుండికి ఏమీ మిగలదండీ."

"ముట్టుకోకండి అంటున్నాను కదా!"

కుప్పాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. తాడు వైపు చూశాడు. పదకొండేళ్ళలో దాటని తాడు, మోకాలి ఎత్తున కూడా లేదు. కాలు ఎత్తి అవతల వేశాడు. వంగి, గుంట అంచున జారడానికి సిద్ధంగా ఉన్న ఒక చుక్క రాయిని రెండు చేతులా పట్టుకుని ఎత్తాడు. చల్లగా ఉంది. అంతే, ఇంకేమీ లేదు. ఇన్నేళ్ళు ఇంత భయపడింది దీనికా అనుకుని, దాన్ని బలం కొద్దీ కిందికి విసిరేశాడు.

తర్వాత ఇక ఆగలేదు. గుంట చుట్టూ ఉన్న చుక్క రాళ్ళన్నీ తీసి పారేశాడు. గది పైకప్పు మీద కప్పిన టార్పాలిను లాక్కొచ్చి పెట్టె మీద పరిచాడు. ఒక పక్క పరిస్తే ఇంకో పక్క గాలి ఎత్తేస్తోంది. ఒంటరిగా తంటాలు పడుతుంటే, కింద దారిలో ఒక గొడుగు తలకిందులై, దాని వెనక భార్య కనిపించింది. ఫోను చేస్తే ఎత్తలేదని దుకాణం వదిలి వచ్చింది. కుప్పను చూసింది, ఆయన్ని చూసింది. విరిగిన గొడుగు పక్కన పడేసి, టార్పాలిను అంచు పట్టుకుని మోకాలితో అదిమింది.

"ఇటు లాగండి. ఇంకొంచెం. ఆ రాయి ఇలా ఇవ్వండి, బరువు పెడదాం."

నేను చెప్పానా అంటుందేమోనని ఆయన ఎదురుచూశాడు. అంటే తిరిగి అరవొచ్చు, ఛాతీ మీది బరువు కొంత దిగుతుంది. ఆవిడ అనలేదు. ఇద్దరూ మధ్యాహ్నందాకా తడిసి ముద్దై రాళ్ళు మోశారు.

నిపుణురాలు చెప్పిన రోజుకే వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, మోకాళ్ళకు బురదంటిన తొడుగులు, భుజాన సంచి. వాన తెరిపిచ్చింది. కుప్పాయన ఉతికిన చొక్కా తొడుక్కుని, ఒక చేతిలో గది తాళం, ఒక చేతిలో ఈల పట్టుకుని నిలబడ్డాడు. అడగగానే అప్పజెప్పేద్దామని అప్పటికే మనసు గట్టిపరుచుకున్నాడు.

ఆవిడ టార్పాలిను ఎత్తి చాలాసేపు లోపలికి చూసింది. బోర్లా పడుకుని టార్చి వేసి చూసింది. కుండ ముక్కలను ముట్టుకోకుండా వేలితో చూపిస్తూ తనలో తను ఏదో లెక్కపెట్టుకుంది. లేచేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"సగం పోయింది," అంది. "ఇలాంటి కుండ ఈ చుట్టుపక్కల ఇంకోటి దొరకలేదు ఇప్పటిదాకా. మిగిలిన సగం ఉందంటే ఈ టార్పాలిను వల్లే. ఈ రాళ్ళు తీసిందెవరు?"

"నేనేనమ్మా. ముట్టుకోవద్దన్నారు. అయినా తీశాను." తాళం ముందుకు చాపాడు.

ఆవిడ ఆ తాళం వైపు చూడనే లేదు. కింద పడి ఉన్న రాళ్ళలోంచి ఒకటి తీసి తిప్పింది. "ఈ తెల్ల చుక్కలేంటి?"

"జనం వేసినవని గుర్తు. పదకొండేళ్ళుగా పెడుతున్నానమ్మా. ఎప్పటికైనా తీసేవాళ్ళకు తెలియాలని."

"అన్నిటికీ పెట్టారా?"

"అన్నిటికీ."

ఆవిడ రాళ్ళ గుట్ట వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసింది. "మరి ఎప్పటికప్పుడు తీసేయలేదేం?"

"అనుమతికి పది అర్జీలు పెట్టానమ్మా."

"దేనికి అనుమతి?" ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు. "ఈ కుప్ప మీద ఎవరైనా ప్లాస్టిక్ సీసా పారేస్తే ఏం చేస్తారు మీరు?"

"చీపురుకర్రతో లాగి తీసేస్తాను."

"దానికి అర్జీ పెడతారా?"

ఆయన చేతిలోని తాళం వైపు చూసుకున్నాడు.

"ఇవీ అంతేనండీ. జనం వేసిన చెత్త. కుప్ప రాళ్ళంటే కుప్పవి. ఇవి కావని మీకే తెలుసు, చుక్కలు కూడా పెట్టారు. ఇవి తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పదకొండేళ్ళ కిందే తీసేయాల్సింది."

ఆవిడ మెత్తగానే అంది. తిట్టినా అంత తగిలేది కాదు. పదకొండేళ్ళ సున్నం, పట్టేసిన మెడ, ఆ మెట్లన్నీ ఎక్కి దిగడం, ఒక్కొక్కటిగా ఆయన కళ్ళ ముందు తిరిగాయి. మధ్యలో సన్నటి గోటి గుర్తులు తిరిగాయి. ఆయన తాళాన్నీ ఈలనూ జేబులో వేసుకున్నాడు.

"ఇంకా ఎన్ని ఉన్నాయి పైన?" అడిగింది ఆవిడ.

"వెయ్యికి పైనే ఉంటాయి. పెట్టె పలకరాళ్ళు కూడా ఆగవు, ఇవాళే దించాలి."

"అయితే దించేయండి. అన్నీ తీసేయండి."

కుప్పాయన ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు.

"ఆ మాట ఒక కాగితం మీద రాసివ్వండమ్మా."

ఆవిడ సంచిలోంచి పుస్తకం తీసింది, పెన్ను మూత తీసింది. పుస్తకం మీద పెన్ను ఆనించి, రాయకుండా కాసేపు అలాగే నిలబడింది. తర్వాత మూత పెట్టేసింది.

"నోటితో చెప్పగలనండీ," అంది, ఆయన వైపు చూడకుండా. "రాసిచ్చే అధికారం నాకు లేదు."

కుప్పాయన ఇంకేమీ అడగలేదు. తాడు దాటి వెళ్ళి, వంగి, ఒక రాయి ఎత్తుకున్నాడు.